జిల్లా ఫస్టు బుర్ర

ఆ ఉదయం కోటిలింగం టీ పెట్టిన తీరు చూసి మంగతాయారు గుండె జారిపోయింది. పాలు కాచాడు. వడకట్టాడు. గ్లాసుల్లో పోసి పంచదార వేసి కలిపాడు. అంతా అయ్యాక ఏదో మరిచిపోయినట్టు నుదురు కొట్టుకుని, టీపొడి డబ్బా తీసి గ్లాసుకో చెంచాడు చొప్పున వేసి, ఎంతో ప్రేమగా ఆవిడ చేతికిచ్చాడు.

"ఎలా ఉందే?" అన్నాడు.

"బావుందండీ," అంది ఆవిడ, పళ్ళ మధ్య టీపొడి నములుతూ. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన టీ పెట్టడమే అబ్బురం. పెట్టిన టీకి వంకలు పెట్టే అలవాటు ఆవిడకు లేదు. కానీ పక్కన స్టవ్వు ఇంకా భగభగా మండుతూనే ఉంది. దాని మీద గిన్నె లేదు.

కోటిలింగం కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. వానాకాలంలో కల్వర్టు దగ్గర స్కూటరు జారి పడ్డాడు. తలకు కుట్లు పడ్డాయి, కుట్లు మానాయి, మనిషి మామూలుగానే తిరుగుతున్నాడు. జ్ఞాపకానికేమీ లోటు లేదు. ఏ వీధి చివర ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉందో, దానికి ఏ ఏడు నూనె మార్చారో, ఆ రోజు టిఫినేం తిన్నాడో కూడా చెబుతాడు. పోయిందల్లా వరస. ఏది ముందు, ఏది వెనక అన్నది మాత్రం ఆయన బుర్రలోంచి ఎక్కడో జారిపోయింది. చొక్కా తొడుక్కుని దాని మీద బనీను వేసుకుని బజారుకెళితే, కుర్రాళ్ళు అదేదో కొత్త ఫ్యాషననుకుని వాళ్ళూ అలాగే వేసుకుని తిరిగారు.

కుట్లు వేసిన డాక్టరు స్కానింగు తీయించి, బాగానే ఉందన్నాడు. బాగానే ఉంటే టీపొడి సంగతేమిటని మంగతాయారు నిలదీసింది. అప్పుడాయన కాస్త మెత్తబడి, జిల్లా ఆస్పత్రి వెనకున్న చిన్న గదికి పంపాడు. అక్కడ మెదడు పనితీరు చూసే హిమజ అనే సైకాలజిస్టు ఉంది. ఆవిడ పరీక్ష చేసి చెబితే దాన్ని బట్టి వైద్యం, దాన్ని బట్టి స్కూటరు తోలచ్చో లేదో, దాన్ని బట్టి అన్నీ.

ఆ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, కొన్ని చెక్క దిమ్మలు, బొమ్మల అట్టలు ఉన్నాయి. చూస్తే బాలవాడీలా ఉంది. హిమజ మాట మెత్తన, చూపు చురుకు.

"స్కానింగులో ఇల్లు కనిపిస్తుందండీ," అంది హిమజ. "ఇంట్లోవాళ్ళు పనులెలా చేసుకుంటున్నారో కనిపించదు. అది నేను చూస్తాను. జ్ఞాపకం, మాట, లెక్క, దృష్టి నిలపడం, పనిని వరసలో చేయడం, ఒక్కొక్కటీ విడివిడిగా చూసి, ఏది గట్టిగా ఉంది, ఏది దెబ్బతింది అని చెబుతాను. దీంట్లో పాసవడం, ఫెయిలవడం ఉండవు."

"అంటే లైను వెంట నడుచుకుంటూ వెళ్ళి ఫాల్టు ఎక్కడుందో చూడ్డం," అన్నాడు కోటిలింగం.

"సరిగ్గా అదేనండీ," అని హిమజ మురిసిపోయింది. అప్పటికప్పుడు చూడడం కుదరదనీ, ముందు వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారనీ చెప్పి దసరా వెళ్ళాక ఒక రోజు ఇచ్చింది. "కళ్ళజోడు మరిచిపోకండి. ముందు రోజు కంటినిండా నిద్రపోవాలి. వాడే మందులన్నీ, పాత రిపోర్టులన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి. ముఖ్యంగా అమ్మా, మీరు కూడా రావాలి. ఇంట్లో ఆయన ఎలా ఉంటున్నారో ఆయనకంటే మీకే బాగా తెలుస్తుంది. ఇంకొక్క మాట. ఇంట్లో ఏమీ ప్రాక్టీసు చేయించకండి. ఎలా ఉన్న మనిషిని అలాగే తీసుకురండి. ఒక పూట పడుతుంది. మధ్యలో అలసిపోతే టీ తాగచ్చు."

"టీ నేను పెడతాను," అన్నాడు కోటిలింగం.

"వద్దండీ," అంది మంగతాయారు.

దసరా వెళ్ళింది. ఆవిడ సంచి సర్దింది. ఆయన కంటినిండా నిద్రపోయాడు. ఇద్దరూ వెళ్ళేసరికి హిమజ గది తలుపుకి తాళం, తాళం మీద పరీక్షలు నిలిపివేయడమైనదని ఒక నోటీసు ఉన్నాయి. ఆ మధ్యలో జిల్లా వైద్యశాఖకు కొత్త జాయింట్ డైరెక్టరు వచ్చారు. పేరు శేషతల్పం గారు. అంతకుముందు పరీక్షల విభాగంలో పాతికేళ్ళు పనిచేసి, లక్షల మంది పిల్లల చేత ఒకే గంటకు కాగితం తిప్పించిన చెయ్యి అది.

మంగతాయారు ఆయన గదికే వెళ్ళింది. ఎదురుగా కూర్చోబెట్టి ఆయన ఓపిగ్గా వివరించారు.

"చూడండమ్మా. ఒక్కొక్క బుర్రకు ఒక పూట చొప్పున వెచ్చించడం ప్రభుత్వ వనరుల దుర్వినియోగం. ఆ పద్ధతిలో జిల్లా జనాభా యావత్తూ పరీక్షింపబడే నాటికి జనాభాయే మారిపోతుంది. కావున సత్వర సామూహిక మేధో మూల్యాంకనం ప్రవేశపెట్టడమైనది. ఒకే రోజు, ఒకే సమయం, ఒకే ప్రశ్నపత్రం. ఫెయిలైనవారిని మాత్రమే హిమజ గారి వద్దకు పంపుతాము."

"అందులో పాసూ ఫెయిలూ ఉండవన్నారండీ ఆవిడ."

శేషతల్పం గారు జాలిగా నవ్వారు. "పాసూ ఫెయిలూ లేనిది పరీక్ష ఎలా అవుతుందమ్మా? అది పరామర్శ అవుతుంది."

వారం తిరక్కుండా హాల్ టికెట్లు వచ్చాయి. వాటి వెనక సూచనలున్నాయి. మతిమరుపు గలవారు ఈ హాల్ టికెట్టును మరిచిపోరాదు. నిమిషం ఆలస్యమైనను లోనికి అనుమతింపబడరు. అయోమయానికి గురియగువారు పరీక్ష ముగిసిన పిదప మాత్రమే గురికావలెను. ఇంటికి దారి తప్పినచో శాఖ బాధ్యత వహించదు.

మొదటి విడత పరీక్ష హైస్కూల్లో జరిగింది. గేటు దగ్గర పోలీసులు డెబ్బై ఏళ్ళ ముసలాళ్ళ జేబులు తడిమి చీటీలు లాగేశారు. చీటీల మీద వాళ్ళ ఇంటి చిరునామాలు, కొడుకుల ఫోన్ నంబర్లు రాసి ఉన్నాయి. అవన్నీ కాపీ సరుకు కింద జమకట్టారు. సాయంత్రానికి ఆ ముసలాళ్ళలో సగం మంది ఏ ఇంటికి వెళ్ళాలో తెలియక స్కూలు వరండాలోనే కూర్చున్నారు. మిగతా సగం మంది ఏదో ఒక ఇంటికి వెళ్ళిపోయారు.

కోటిలింగం మాత్రం ఆ పరీక్ష రాయలేదు. బయల్దేరే ముందు చెప్పులేసుకుని, తర్వాత ప్యాంటు వేసుకోబోయి, చెప్పు ప్యాంటులో ఇరుక్కుని, దాన్ని ఊడబెరికేసరికి నిమిషం ఆలస్యమైంది. గేటు మూసేశారు. అవతల ఇన్విజిలేటరు, ఇవతల మంగతాయారు.

"బాబూ, ఆయన ఎందుకు ఆలస్యమయ్యారో అదేనండీ ఆయన జబ్బు! దానికేగా పరీక్ష!"

"జబ్బున్నవాళ్ళు ముందుగా బయల్దేరాలమ్మా," అన్నాడు ఇన్విజిలేటరు.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఒక చెయ్యి కోటిలింగం భుజం మీద పడింది. పానకాలు మాస్టారి చెయ్యి అది. ఇంజనీరింగు సీట్లకు కోచింగిచ్చి ఊళ్ళో మూడంతస్తుల మేడ కట్టిన మనిషి. ఎక్కడ హాల్ టికెట్టు వాసన తగిలినా అక్కడ ప్రత్యక్షమవుతాడు.

"బాబాయిగారూ, బెంగెట్టుకోకండి. సంక్రాంతి లోపు రెండో విడతుంది. పేపరు నేను చూశానండి. అయిదే అయిదు మాటలు గుర్తుపెట్టుకోవాల. ఒక గడియారం. కొన్ని జంతువులు. అంతేనండి సిలబసు. మీకు ర్యాంకు రాకపోతే నా పేరు పానకాలు కాదండి."

అలా పుట్టింది మెదడు కోచింగు. మొదటి వారంలో ముసలాళ్ళు వచ్చారు. రెండో వారంలో, వయసులో ఉన్నవాళ్ళు ముందు జాగ్రత్తగా ఫౌండేషన్ కోర్సులో చేరారు. ఆడవాళ్ళకు మధ్యాహ్నం బ్యాచి, హోటలు వాళ్ళకు తెల్లవారుజాము బ్యాచి. బజారులో గైడ్లు, గైడ్లకు గైడ్లు దిగాయి.

ఆ అయిదు మాటలూ ఇవి: గొడుగు, నెమలి, చెంబు, రైలు, మామిడికాయ. ఇవి చెప్పి కాసేపాగి, ఏం చెప్పామో చెప్పమని అడగడం అసలు పద్ధతి. శేషతల్పం గారు దాన్ని ప్రశ్నపత్రంలో అచ్చు వేయించి, కింద నాలుగు జవాబులిచ్చి, సరైనదాని గడి నల్లగా దిద్దమన్నారు. పానకాలు మాస్టారు దానికొక కథ అల్లి పెట్టాడు. నెమలి గొడుగేసుకుని, చెంబు పట్టుకుని, రైలెక్కి, మామిడికాయల కోసం వెళ్ళింది. నెల తిరిగేసరికి ఊళ్ళో చంటిపిల్లలు ఆ నెమలి కథ వింటే తప్ప అన్నం తినడం లేదు. గడియారం సంగతికొస్తే, బొమ్మలో ముళ్ళు ఎప్పుడూ పదీ పది దగ్గరే ఉంటాయి. కాబట్టి మాస్టారు గడియారం చూడ్డం మానేసి పదీ పదికి గుర్తు పెట్టమన్నాడు.

ఇక కోటిలింగానికి పట్టపగ్గాలు లేవు. ఆయన పదో తరగతి సప్లిమెంటరీలో గట్టెక్కాడు. డిపార్టుమెంటు పరీక్షలు మూడుసార్లు తన్నేశాయి. జీవితంలో మొదటిసారి ఒక పరీక్ష ఆయన దారికొచ్చింది. స్నానాల గదిలో నెమలి, అన్నం ముందు గొడుగు, పడకెక్కాక మామిడికాయ. తొడుక్కునే వరస తప్పుతోంది కానీ, ఆ అయిదు మాటల వరస మాత్రం రాతిమీద చెక్కినట్టుంది. మంగతాయారు టైమెంతండీ అంటే చాలు, "పదీ పది!" అని గర్జించేవాడు. అలా ఒక ఆదివారం భోజనం వేళ దాటి సూర్యుడు వాలాక కూడా వాళ్ళింట్లో పదీ పదే అయింది.

"ఏవండీ, ఆ అమ్మాయి ప్రాక్టీసు చేయించద్దంది కదా," అంది ఆవిడ, బెదురుతూనే.

"చదవకుండా పరీక్షకెళ్ళమంటావేంటే? నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు కోటిలింగం, మజ్జిగలో ఆవకాయ ముక్క నంచుకోవాల్సింది పోయి, ఆవకాయలో మజ్జిగ పోసుకుంటూ.

ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన అంత సంతోషంగా ఉండగా చూసి చాలా కాలమైంది. రిటైరయ్యాక ఆ మొహంలో ఇంత వెలుగు ఎప్పుడూ లేదు. దాన్ని ఆర్పడానికి మనసొప్పలేదు. కానీ గ్యాసు సిలిండరు పెట్టెకు తాళం వేసి, ఆ తాళంచెవి మాత్రం కొంగున కట్టుకుని తిరిగేది.

రెండో విడతకు ఆయన్ను తెల్లారకుండానే తానే బట్టలు తొడిగి తీసుకెళ్ళి గేటు ముందు నిలబెట్టింది. ఫలితాలొచ్చాయి. కోటిలింగానికి జిల్లా ఫస్టు ర్యాంకు.

ఊరంతా అట్టుడికిపోయింది. కోచింగు మేడ మీంచి కింది దాకా ఆయన ఫ్లెక్సీ దిగింది. మెదడు బొమ్మ మధ్యలో కోటిలింగం మొహం, చుట్టూ గొడుగు, నెమలి, చెంబు, రైలు, మామిడికాయ. దానికి పాలాభిషేకం చేశారు. టీవీవాళ్ళొచ్చి మీ విజయ రహస్యమేమిటని అడిగారు. రోజుకు పద్దెనిమిది గంటలు మరిచిపోకుండా ఉన్నానని చెప్పాడు. ఇన్నేళ్ళుగా ఈయన్ను ఎంతగానో వెక్కిరించిన బావమరిది స్వయంగా స్వీట్లు పట్టుకొచ్చి కాళ్ళకు దండం పెట్టబోతే, కోటిలింగం ముందు ఆశీర్వదించి తర్వాత కాళ్ళు చాపాడు.

విచిత్రమేమిటంటే, జిల్లాలో ఎవ్వరూ ఫెయిలవలేదు. ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడుకున్న ఒకాయన కూడా పాసయ్యాడు. ఆయన తరఫున ఎవరో దిద్దేశారు.

శేషతల్పం గారు తమ జిల్లాను మతిమరుపు రహిత జిల్లాగా ప్రకటించారు. మతిమరుపు లేని జిల్లాలో మెదడు సైకాలజిస్టు ఎందుకని పైనుంచి ప్రశ్న వచ్చింది. సమంజసమైన ప్రశ్నే. హిమజను పశుసంవర్ధక శాఖకు బదిలీ చేశారు. గేదెల మనస్తత్వం మీద సర్వే చేయాలట. ఆ గదిలో చీపుళ్ళు పెట్టుకోవడానికి ఆస్పత్రివాళ్ళు అప్పుడే కొలతలు తీసుకున్నారు.

మంగతాయారు అంతవరకూ ఓర్చుకుంది. అసలు పిడుగు ఆ తర్వాత పడింది. కరెంటాఫీసులో మనుషుల కొరత ఉంది. బుర్ర గట్టిదని సర్టిఫికెట్టున్న రిటైరైనవాళ్ళను కాంట్రాక్టు మీద తీసుకోమని ఆర్డరొచ్చింది. జిల్లా ఫస్టు ఉండగా వేరే ఎవరినో వెతుక్కోవడం దేనికి? కోటిలింగానికి సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరు పని. సన్మాన సభలోనే ఆర్డరు చేతికిస్తారు.

సబ్‌స్టేషన్ ఆపరేటరంటే ఏమిటో ఆవిడకు తెలుసు. ముప్పై ఏళ్ళు రాత్రిళ్ళు భోజనం వడ్డిస్తూ విన్నదే. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ఆపరేటరు ఎల్సీ ఇవ్వాలి. ఎల్సీ అంటే లైను చచ్చిపోయింది, ఇక ఎక్కచ్చు అని చెప్పే మాట. ముందు కరెంటు కట్ చేయాలి, ఎర్తు వేయాలి, ఆ తర్వాతే ఆ మాట చెప్పాలి. ఆ పని మొత్తం వరసే. వరస తప్పితే పైనున్న మనిషి కాలిపోతాడు. టీపొడి అయితే ఆవిడ నమిలి మింగింది. ఇది ఎవరు మింగుతారు?

పరుగున శేషతల్పం గారి దగ్గరకెళ్ళింది. "బాబూ, ఆయన్ను ఒక్కసారి హిమజగారికి చూపించండి. ఆయనకి ఏదో అయిందండి. నిజంగా అయింది."

"అమ్మా, పాసైనవారికి జబ్బుండడానికి నిబంధనలు అంగీకరించవు."

"పోనీ మళ్ళీ పరీక్ష పెట్టండి."

"తిరిగి పరీక్షించడమనేది ఫెయిలైనవారి హక్కు. జిల్లా ఫస్టుకు ఏ హక్కులూ ఉండవు. అది గౌరవం."

తిరిగి వస్తూ ఆవిడ ఆస్పత్రి వెనక గదికి వెళ్ళింది. హిమజ చెక్క దిమ్మలు పెట్టెలో సర్దుకుంటోంది. మంగతాయారు ఆ కుర్చీలో కూలబడి, ఏడవకూడదనుకుంటూనే ఏడ్చేసింది.

"ఫెయిలవడం ఎలాగో చెప్పమ్మా," అంది.

హిమజ చేతిలోని దిమ్మ పక్కన పెట్టింది. తర్వాత, "వాళ్ళు అడిగిందానికి ఆయన ఎన్నడూ తప్పు చెప్పరమ్మా. వాళ్ళు అడగనిది అడగాలి," అంది.

సన్మాన సభ టౌన్‌హాల్లో జరిగింది. వేదిక మీద శేషతల్పం గారు, కరెంటాఫీసు ఇంజనీరు గారు, మధ్యలో నిలువెత్తు దండతో కోటిలింగం. ముందు వరసలో పానకాలు మాస్టారు. వెనక బెంచీల మీద లైన్‌మన్లందరూ వచ్చి కూర్చున్నారు. పాత గురువుగారు మళ్ళీ పన్లోకొస్తున్నారని వాళ్ళకు పండగ్గా ఉంది.

శేషతల్పం గారు మైకు సర్దుకుని, "మన మేధోరత్నం ప్రతిభను సభాసదులు ప్రత్యక్షంగా వీక్షింతురుగాక. కోటిలింగం గారూ, ఆ అయిదు పదములు?" అన్నారు.

"గొడుగు, నెమలి, చెంబు, రైలు, మామిడికాయ!"

హాలు చప్పట్లతో ఊగిపోయింది. ఆ ఊపులో శేషతల్పం గారు సరదాగా, "ఇక్కడికి ఎలా వచ్చారు?" అన్నారు.

కోటిలింగం నోరు తెరిచి ఆగిపోయాడు. ఆటో ఎక్కడమా, దిగడమా, చొక్కా తొడగడమా, ఇల్లు తాళం వేయడమా, అన్నీ ఒక్కసారిగా మీదికొచ్చాయి. ముందు వరసలోకి చూసి, "మాస్టారూ, ఇది సిలబస్‌లో లేదు కదండీ?" అన్నాడు.

జనం పగలబడి నవ్వారు. ఎంత చమత్కారమనుకున్నారు. పానకాలు మాస్టారు మాత్రం లేచి నిలబడి, "అవునండి, అవుటాఫ్ సిలబస్సండి! అభ్యంతరం!" అని అరిచాడు. శేషతల్పం గారు వెంటనే గంభీరమై, "అభ్యంతరం స్వీకరింపబడినది. అభ్యర్థులందరికీ ఒక మార్కు కలుపుతున్నాము," అని ప్రకటించారు. మళ్ళీ చప్పట్లు.

ఆ చప్పట్లలోంచే మంగతాయారు వేదికెక్కింది. మైకు ముందు నిలబడడం ఆవిడకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. మైకును రెండు చేతులా పట్టుకుంది.

"ఏవండీ. మీరు సబ్‌స్టేషన్‌లో కూర్చున్నారు. లైన్‌మన్ ఏసుబాబు ఫోన్ చేసి ఎల్సీ అడిగాడు. ఏం చేస్తారు?"

కోటిలింగం మొహం విప్పారింది. ఇది ఆయనకు తెలిసిన ప్రశ్న. రొమ్ము విరిచాడు.

"ఏముందే, ఎల్సీ ఇచ్చేస్తాను. వాడు ఎక్కుతాడు. ఎక్కాక ఎర్తేస్తాను. తర్వాత..." ఒక్క క్షణం ఆగాడు. "తర్వాత కరెంటు కట్ చేస్తాను."

వెనక బెంచీ మీంచి ఒక సన్నటి మనిషి లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, ఆ షిఫ్టులో ఎక్కేది నేనేనండి," అన్నాడు ఏసుబాబు. మనిషి బిక్కచచ్చిపోయాడు.

కోటిలింగం భార్య మొహంలోకి చూశాడు. "తప్పు చెప్పానా?"

"వరస తప్పిందండీ."

"ఏసుబాబు?"

ఆవిడ వెనక బెంచీ వైపు చూసింది. ఆయన అర్థం చేసుకున్నాడు. మెల్లిగా మెడలోంచి దండ తీసి కుర్చీ మీద పెట్టాడు. "అయితే ఫాల్టుందే, తాయారూ," అన్నాడు. తర్వాత శేషతల్పం గారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "బాబూ, నన్ను ఫెయిల్ చేసెయ్యండి."

ఇంజనీరు గారు అప్పటికే ఆర్డరు జేబులో కుక్కేసుకున్నారు. శేషతల్పం గారు మాత్రం చలించలేదు. "అసాధ్యం. ఇప్పుడు జరిగింది ప్రాక్టికల్సు. ప్రాక్టికల్సుకు మార్కులు లేవు. పాసైన అభ్యర్థిని ఫెయిల్ చేయుటకు నిబంధనల్లో ఒకే ఒక్క మార్గమున్నది. మాల్‌ప్రాక్టీసు. తాము కాపీ కొట్టినారా?"

"కొట్టానండి," అన్నాడు కోటిలింగం తడుముకోకుండా.

"ఎక్కడి నుంచి?"

"నా బుర్రలోంచేనండి. అన్నీ ముందే అందులో పెట్టుకొచ్చాను."

శేషతల్పం గారి కళ్ళు మెల్లిగా పెద్దవయ్యాయి. పాతికేళ్ళ సర్వీసులో ఆయన చెప్పుల్లో చీటీలు పట్టారు, చేతి కట్లలో చీటీలు పట్టారు. ఇంత లోతున దాచిన సరుకు ఎప్పుడూ పట్టలేదు. ముందుగా సిద్ధపరచిన జవాబులను ఏ రూపముననైనను వెంట తెచ్చుట నేరము. నిబంధన అక్షరాలా అలాగే ఉంది. ఆయన అక్కడికక్కడే కేసు రాసేశారు. దొరికిన సరుకు అన్నచోట 'అభ్యర్థి తల' అని నింపి, దాన్ని స్వాధీనం చేసుకోవడం ఎలాగని ఇంజనీరు గారిని సలహా అడిగారు.

నిబంధన ఒకరికి ఒకలా, ఒకరికి ఒకలా ఉండదు కదా. మర్నాడు ఆయన పాసైనవాళ్ళందరి తలలూ తనిఖీ చేయించారు. ఎవరి తలలో చూసినా నెమలే, చేతిలో చెంబే. పొద్దుగూకేసరికి జిల్లా యావత్తూ డిబారైంది. మతిమరుపు రహిత జిల్లా ఒక్క పూటలో బుర్ర రహిత జిల్లా అయింది. హిమజ బదిలీ రద్దయింది. గేదెలు ఊపిరి పీల్చుకున్నాయి. ఫెయిలైన వరసలో మొదటి పేరు కోటిలింగానిదే కాబట్టి, మొదటి పిలుపూ ఆయనకే వచ్చింది.

మంగతాయారు మళ్ళీ సంచి సర్దింది. కళ్ళజోడు, మందులు, పాత రిపోర్టులు. ముందు హిమజ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని, పొద్దున లేచింది మొదలు ఆయన ఏమేం చేస్తాడో నెమ్మదిగా అడిగింది. టీపొడి దగ్గర ఇద్దరూ నవ్వారు. గ్యాసు దగ్గర ఇద్దరూ నవ్వలేదు. తర్వాత ఆయన్ను లోపలికి పిలిచింది.

ఆవిడ వరండాలో బల్ల మీద కూర్చుంది. లోపల చెక్క దిమ్మలు కూలిన చప్పుడు, ఆయన "అబ్బే, మళ్ళీ పడిపోయిందండి" అనడం, హిమజ "ఫర్వాలేదండీ, మళ్ళీ చూద్దాం" అనడం వినిపిస్తూనే ఉన్నాయి. తన ఇంటి మనిషి కష్టాన్ని ఒకరు నింపాదిగా కూర్చుని చూడడం ఆవిడకు ఇన్ని నెలల్లో ఇదే మొదటిసారి. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. గ్యాసు తాళంచెవి చెంపకు చల్లగా తగిలింది.

కోటిలింగం బయటికొచ్చేసరికి గుమ్మం దగ్గర పానకాలు మాస్టారు పెన్ను పట్టుకుని కాచుకుని ఉన్నాడు. కొత్త బ్యాచి మొదలవ్వాలి కదా.

"బాబాయిగారూ, ఏం బిట్లొచ్చాయండి? మళ్ళీ అయిదు మాటలేనా? ఏం మాటలండి?"

కోటిలింగం అతని వైపు అమాయకంగా చూశాడు. నుదురు రుద్దుకున్నాడు. "గుర్తులేదు మాస్టారూ," అన్నాడు.

పానకాలు మాస్టారు ఉసూరుమన్నాడు. మంగతాయారు గుండె గతుక్కుమంది. ఉన్న ఆ జ్ఞాపకం కూడా పోయిందా దేవుడా అనుకుంటూ ఆయన్ను ఆటో ఎక్కించింది.

"మార్కులెన్నండీ?" అంది, ఏమనాలో తెలియక.

"మార్కుల్లేవే. ఫాల్టు దొరికింది." చాలా రోజులకు ఆయన గొంతు లైన్ ఇన్‌స్పెక్టరు గొంతులా ఉంది. "వరస ఒక్కటే తెగిందంట. మిగతా లైనంతా బానే ఉందంది ఆ అమ్మాయి. వారానికోసారి రమ్మంది, వరస మళ్ళీ నేర్పుతానంది. స్కూటరు ముట్టుకోవద్దంది. టీ మాత్రం పెట్టమంది, నువ్వు పక్కన నిలబడితే."

ఆటో మలుపు తిరిగింది. కోచింగు మేడ మీద ఆయన ఫ్లెక్సీ ఇంకా గాలికి కొట్టుకుంటోంది. కోటిలింగం దానివైపు చూసి, ఆటో కుర్రాడికి వినబడకుండా భార్య చెవి దగ్గరకు వంగాడు.

"దువ్వెన, కొబ్బరిచెట్టు, బావి, పిల్లి, సైకిలు," అన్నాడు. "ఆ మాస్టారికి చెప్పకే. మన వెనకాల ఇంకా చాలామంది ఉన్నారు."